ఇంటివారి యింగ్లీషు: ఒకటియా? పెక్కులా?



ఇంగ్లీషున బహువచన మనగా మాట చివర ‘ఎస్’ అను అక్షరము చేర్చుటయే యని మన మందఱము చిన్ననాడే నేర్చుకొంటిమి. ఒకటియైన ‘కప్’, రెండైన ‘కప్స్’. ఇంత సులభమైన సంగతికి ఒక నెల పాఠము వెచ్చించుట యేల యని మీలో కొందఱు తలంపవచ్చును. కాని ఇంగ్లీషు పత్రికలు చదువగలిగి, పిల్లలచేత పాఠములు వల్లె వేయింపగలిగిన స్త్రీలు సైతము ఆ భాషలో నాలుగు పంక్తులు వ్రాయవలసి వచ్చినప్పుడు తడబడు చోట్లలో ఈ యక్షర మొకటి. చేర్పవలసిన చోట విడుతురు; విడువవలసిన చోట చేర్తురు. చూచినవారు నవ్వుదురు. ఆ నవ్వు విన్న యిల్లాలు కలము ప్రక్కన బెట్టును. పిల్లవాని బడికి వ్రాయవలసిన చీటిని, బ్యాంకులో నింపవలసిన కాగితమును మఱియొకరి చేతికిచ్చి, వారు నింపినదానిక్రింద చదువకయే సంతకము చేయును. ఒక్క యక్షరమువలన గలిగిన సిగ్గు ఇంత దూరము పోవుట గలదు గనుక దీని మూల మేమో నేడు విచారింతము.

మొదట ఒక మాట మనసున నుంచుకొనుడు. ఈ తప్పులలో ననేకములు తెలివితక్కువవలన గలుగునవి కావు. తెలుగు మనకు నేర్పిన లెక్కను మనము ఇంగ్లీషులోనికి తీసికొనిపోవుటచే గలుగుచున్నవి. రెండు భాషలును లెక్కపెట్టు తీరులు వేఱు. ఆ భేద మెచ్చట నున్నదో తెలిసికొన్నచో సగము బాధ తీఱును.

వంటింటినుండియే మొదలుపెట్టుదము. పాలు పొంగినవి, నీళ్లు కాగినవి, బియ్యము నిండుకొన్నవి యందుము. పాలు అను మాటకు మనకు ఏకవచనమే లేదు. నీరు అను ఏకవచనమున్నను ఇంట నీళ్లనియే యందుము. బియ్యము చూపునకు ఏకవచనమువలె నున్నను దాని క్రియను బహువచనమున నిలుపుదుము. ఇక వడ్లు, గోధుమలు, నువ్వులు, ఆవాలు, మెంతులు, మిరియాలు, ధనియాలు, కందులు, పెసలు అన్నియు బహువచనములే. గింజలు గింజలుగా నుండు వస్తువును గింజలుగానే చూచుట తెలుగువారి పద్ధతి.

ఇంగ్లీషు అట్లు కాదు. మిల్క్, వాటర్, రైస్, వీట్, మస్టర్డ్, పెప్పర్ అను మాటలను ఆ భాష గింజలుగా గాక రాశిగా చూచును. రాశి యొక్కటియే గనుక క్రియ ఏకవచనము. ‘మిల్క్ ఈజ్ హాట్’ అనవలెనుగాని ‘మిల్క్ ఆర్ హాట్’ అనరాదు. పాలవానిని మనము ‘ఎన్ని పాలు’ అని యడుగుదుము; ఇంగ్లీషున ‘హౌ మచ్ మిల్క్’ అని యడుగుదురు. ‘మెనీ’ యనునది లెక్కపెట్టదగినవానికి, ‘మచ్’ అనునది రాశికి. మామిడిపండ్లకు ‘హౌ మెనీ’, పంచదారకు ‘హౌ మచ్’.

రాశిని కొలువవలసినప్పుడు కొలత పాత్రను లెక్కింపవలెను. ‘టూ కప్స్ ఆఫ్ రైస్’, ‘త్రీ స్పూన్స్ ఆఫ్ షుగర్’, ‘ఎ గ్లాస్ ఆఫ్ మిల్క్’. ‘ఎస్’ చేరినది కప్పునకుగాని బియ్యమునకు గాదు. ఆవాలను గింజలుగా జెప్పదలచినచో ‘మస్టర్డ్ సీడ్స్’ అనవచ్చును. అప్పుడు లెక్క ‘సీడ్’ అను మాటమీదికి బోవును. హోటలులో మాత్రము ‘టూ కాఫీస్’ అని తెప్పించుకొనుట యొప్పు. అచ్చట కాఫీ యనగా కాఫీ నింపిన కప్పే యని యందఱకును తెలియును.

అయితే ఇంగ్లీషువారు ధాన్యము లన్నిటిని రాశిగా జూతురా? అదియు లేదు. బీన్స్, పీస్, లెంటిల్స్ అనునవి బహువచనములు. విచిత్ర మేమనగా, గోధుమలను ‘వీట్’ అని ఏకవచనమునను, ఓటు ధాన్యమును ‘ఓట్స్’ అని బహువచనమునను వాడుదురు. రెండును పొలమున బండునవే, రెండును గింజలే. ‘వీట్ ఈజ్’, ‘ఓట్స్ ఆర్’ అనుటకు ఆ గింజలలో కారణమేమియు గానరాదు. ఈ యొక్క యుదాహరణమును బాగుగా జ్ఞాపక ముంచుకొనుడు. ఏకవచనమా, బహువచనమా యనునది వస్తువును జూచి తేల్చదగిన సంగతి కాదు. ఆ భాష వాడుకను విని తెలిసికొనవలసిన సంగతి. మనము వస్తువును జూచి తేల్చుకొనబోయిన ప్రతిసారియు తెలుగు కన్నుతోనే చూతుము.

వంటిల్లు దాటి ముందరి గదిలోనికి వత్తము. మనకు నగలు, డబ్బులు, సలహాలు, సామానులు బహువచనములు. ఇంగ్లీషున జ్యువెలరీ, మనీ, అడ్వైస్, లగేజ్ అను నాలుగును రాశివాచకములే. ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, హోమ్‌వర్క్ అనునవియు ఈ జాబితాలోనివే. వీనికి ‘ఎస్’ చేర్పరాదు. ముందు ‘ఎ’ యనియు పెట్టరాదు. ఒక్క సలహా యని చెప్పవలసినచో ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనవలెను. నగలను విడివిడిగా లెక్కింపవలసినచో ‘బ్యాంగిల్స్’, ‘రింగ్స్’ అని వాని పేరులతో జెప్పుట మేలు.

వెండ్రుకల మాట మఱింత చక్కనిది. ‘ఆమె వెండ్రుకలు నల్లనివి’ అనుటకు ‘హర్ హెయిర్ ఈజ్ బ్లాక్’ అందురు; తలకట్టంతయు ఒక్క రాశి. కాని అన్నములో వెండ్రుక కనబడినప్పుడు ‘ఎ హెయిర్’ అందురు. రెండు కనబడిన ‘టూ హెయిర్స్’. ఒకే మాట రాశిగా నొకప్పుడు, లెక్కకు దొరుకునదిగా నొకప్పుడు నిలుచును. ‘గ్లాస్’ కూడ నిట్టిదే. అద్దమునకు వాడు పదార్థమైన ‘గ్లాస్’ రాశి. నీళ్లు త్రాగు గ్లాసులు ‘గ్లాసెస్’. కంటికి పెట్టుకొనునవియు ‘గ్లాసెస్’ యే.

కండ్లజోడు మాట వచ్చినది గనుక దీనికి వ్యతిరేకమైన సంగతి చెప్పెదను. మనము ఒక్కటిగా జూచు కొన్ని వస్తువులను ఇంగ్లీషువారు రెండుగా జూతురు. కత్తెర మన కొకటి. వారికి ‘సిజర్స్’ బహువచనము. రెండు అలుగులు కలిసి కత్తెర యైనది గదా యని వారి లెక్క. పట్టకారు, కండ్లజోడు, పంట్లాము అన్నియు నిట్టివే. ‘కత్తెర ఎక్కడ నున్నది?’ అనుటకు ‘వేర్ ఆర్ ద సిజర్స్?’ అనవలెను. ఒక్క కత్తెర యని స్పష్టముగా జెప్పవలసిన ‘ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్’. బట్టల సంగతి యింకొక తీరు. కట్టుకొను బట్టలు ‘క్లోద్స్’, దానికి ఏకవచనము లేదు. ‘క్లాత్’ అనునది గుడ్డకు వేఱు మాట. రవికె గుడ్డ ‘క్లాత్’ అగునుగాని కుట్టిన రవికె ‘క్లాత్’ గాదు.

మఱికొన్ని మాటలు వేషము మార్చుకొని తిరుగుచున్నవి. ‘న్యూస్’ చివర ‘ఎస్’ ఉన్నది. అయినను ఏకవచనమే: ‘ద న్యూస్ ఈజ్ గుడ్’. పిల్లలకు వచ్చు తట్టును ‘మీజిల్స్’ అందురు. దానికిని సాధారణముగా ఏకవచన క్రియయే. లెక్కల పాఠమైన ‘మ్యాథమాటిక్స్’ కూడ నంతే. ఇందుకు భిన్నముగా ‘పీపుల్’, ‘పోలీస్’, ‘క్యాటిల్’ అను మాటల చివర ‘ఎస్’ లేకపోయినను అవి బహువచనములు. జనులను గుఱించి ‘పీపుల్ ఆర్’ అనవలెను. ‘పీపుల్స్’ అను రూపము భిన్న జాతులను, సమాజములను జెప్పునప్పుడు మాత్రమే వచ్చును.

ఇప్పుడు అంకెలతో వచ్చు చిక్కులు చూతము. మన మాటతీరే మనలను త్రోవ తప్పించుట ఇచ్చట స్పష్టముగా గనబడును. ‘ఐదేండ్ల పిల్ల’, ‘పది రూపాయల నోటు’ అని తెలుగున బహువచనముతో విశేషించుదుము. ఇంగ్లీషున విశేషణముగా నామమునకు ముందు నిలిచినప్పుడు ఏకవచనమే చెల్లును: ‘ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్’, ‘ఎ టెన్-రూపీ నోట్’. పిల్ల వయస్సు విడిగా జెప్పునప్పుడు మాత్రము ‘షీ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్’.

‘గంటన్నర’ అనుట మన వాడుక. అందు గంట ఒక్కటియే. ఇంగ్లీషున ఒకటి దాటినంతనే బహువచనము వచ్చును గనుక ‘వన్ అండ్ ఎ హాఫ్ అవర్స్’. అరగంట మాత్రము ‘హాఫ్ యాన్ అవర్’. రెండు వందల రూపాయలను ‘టూ హండ్రెడ్ రూపీస్’ అని వ్రాయవలెను. వందకు ‘ఎస్’ లేదు. అంకె చెప్పక వందలకొలది యన్నప్పుడే ‘హండ్రెడ్స్ ఆఫ్ రూపీస్’. చెక్కుమీద అక్షరములలో మొత్తము వ్రాయు సోదరీమణులు దీనిని గమనింపవలెను. మఱియు ఒక మొత్తమును ఒక్క సొమ్ముగా దలచినప్పుడు ‘టెన్ రూపీస్ ఈజ్ ఎనఫ్’ అందురు. పది నాణెములు బల్లమీద నున్నవని విడివిడిగా జెప్పునప్పుడు ‘ఆర్’ వచ్చును.

‘నా స్నేహితురాండ్రలో నొకతె’ అనుటకు పలువురు ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అని వ్రాయుదురు. చెప్పుచున్నది ఒకతెను గుఱించియే గదా యని వారి తలంపు. కాని ఆ యొకతె యేరుకొనబడినది పెక్కండ్రలోనుండి. తెలుగుననైనను మనము ‘స్నేహితురాలిలో నొకతె’ యనము గదా! ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’ అనుటయే సరి. తరువాతి క్రియ మాత్రము ఆ యొకతెను బట్టి ‘ఈజ్’ అగును. ‘ఈచ్’, ‘ఎవ్రీ’ అను మాటల వెంట మాత్రము ఏకవచన నామమే వచ్చును: ‘ఎవ్రీ చైల్డ్’.

ఇక గౌరవ విషయము. ఇది మన యిండ్లలో మిక్కిలి సున్నితమైనది. ‘మా అత్తగారు వచ్చినారు’, ‘మా నాన్నగారు చెప్పినారు’ అని పెద్దలను బహువచనమున జెప్పుట మన మర్యాద. ఆ మర్యాదచే ‘మై ఫాదర్ ఆర్ కమింగ్’ అని వ్రాసిన పిల్లను వినయవతి యనవలెనుగాని మూర్ఖురా లనరాదు. అయినను ఇంగ్లీషున మనుష్యు డొక్కడైన నామమునకు ఏకవచన క్రియయే: ‘మై ఫాదర్ ఈజ్ కమింగ్’, ‘మై మదర్-ఇన్-లా హాజ్ కమ్’. ఇందువలన అత్తగారికి గౌరవలోపము గలుగదు. ఆ భాష గౌరవమును క్రియలో నుంచదు. అత్తగార్లు ఇద్దఱైనచో ‘మదర్స్-ఇన్-లా’ అని తల్లి యను మాటకే బహువచనము చేర్తురు; తోడికోడండ్రు, వదినెలు, మఱదండ్రు అందఱును ‘సిస్టర్స్-ఇన్-లా’.

అయితే గౌరవ బహువచనము ఇంగ్లీషున నెన్నడును లేదా? ఉండెను, ఇప్పటికిని దాని గుర్తు మిగిలియున్నది. పూర్వము వారును ఒక్కరిని ‘దౌ’ అనియు, పలువురిని ‘యూ’ అనియు బిలిచెడివారు. మనము పెద్దలను మీరన్నట్లే, ఫ్రెంచివారి మర్యాదల ప్రభావమున గొప్పవారిని ఒక్కరైనను ‘యూ’ యని పిలుచుట యలవాటయ్యెను. క్రమముగా అందఱును అందఱిని మీరనుటయే సాగి, 17వ శతాబ్దము ముగియునాటికి ‘దౌ’ సాధారణ సంభాషణనుండి చాలవఱకు తొలగిపోయెను. ఒక్క పసిపిల్లతో మాటలాడుచు సైతము ‘యూ ఆర్’ అని బహువచన క్రియ వాడుట అందువలననే. ఒకరా, పలువురా యను భేదము ‘యువర్‌సెల్ఫ్’, ‘యువర్‌సెల్వ్స్’ అను మాటలలో నేటికిని నిలిచియున్నది. భోజనమునకు వచ్చిన అతిథి యొకరైన ‘హెల్ప్ యువర్‌సెల్ఫ్’, పలువురైన ‘హెల్ప్ యువర్‌సెల్వ్స్’. తలుపు తట్టినవారు స్త్రీయో పురుషుడో తెలియనప్పుడు ఆ యొక్కరిని ‘దే’ యనుటయు 14వ శతాబ్దమునుండి ఆ భాషలో నున్న యాచారమే.

రూపములనుగూర్చి కొంచెము చెప్పి ముగించెదను. ‘ఎస్’ అక్షర మొకటియైనను దాని పలుకులు మూడు. ‘కప్స్’ లో ‘స్’, ‘స్పూన్జ్’ లో ‘జ్’, ‘గ్లాసిజ్’ లో ‘ఇజ్’. బిడ్డలు చదువునప్పుడు ఈ భేదమును వినిపించుడు. ‘ఫుట్’ బహువచనమున ‘ఫీట్’ ఎందుకైనదని పిల్ల లడిగినచో చెప్పుటకు జవాబు మన భాషలోనే యున్నది. పులి పులులైనది, కత్తి కత్తులైనది. వెనుక వచ్చిన ‘లు’ ప్రత్యయము ముందున్న ‘ఇ’ ని ‘ఉ’ గా మార్చినది. ఇంగ్లీషు పూర్వరూపములోను ఇట్లే ‘ఇ’ ధ్వని గల ప్రత్యయ మొకటి లోపలి యచ్చును మార్చి, తరువాత తానే రాలిపోయినది. మార్పు మిగిలినది, ప్రత్యయము మాయమైనది. ‘మౌస్’ ‘మైస్’ అగుటయు, ‘గూస్’ ‘గీస్’ అగుటయు నట్లే. ‘చిల్డ్రన్’ అనునది బహువచనముమీద బహువచనము; ‘చిల్డర్’ అను పాత బహువచనమున కింకొక ప్రత్యయము చేరినది. వారు అను బహువచనమునకు మరల ‘లు’ చేర్చి మన కవులు వారలు అనుట వంటిదే యిది.

ఇప్పుడు ‘పీ’ అను బఠాణీ గింజ కథ వినుడు. పూర్వము ఇంగ్లీషున ఆ ధాన్యము పేరు ‘పీజ్’; అది ఏకవచనము, చివరి ధ్వని మాటలోని భాగము. కాని విన్నవారికి ఆ చివరి ధ్వని బహువచన ప్రత్యయమువలె దోచినది. గింజలు పెక్కులు గనుక ‘పీజ్’ అనిరి కాబోలు, ఒక్కటియైన ‘పీ’ కావలెనని తలంచి సుమారు 17వ శతాబ్దమున ‘పీ’ అను క్రొత్త మాటను బుట్టించిరి. ‘చెర్రీ’ పండు సంగతియు నిట్టిదే; నార్మన్ ఫ్రెంచి మాట చివరనున్న ధ్వనిని బహువచన మనుకొని తీసివేసిరి. ఐశ్వర్యమను నర్థముగల ‘రిచెస్’ అనునది ఫ్రెంచినుండి ఏకవచనముగా వచ్చి, చివరి ధ్వనినిబట్టి బహువచనమై కూర్చున్నది. నేడు వ్యాకరణ మని మనకు నేర్పుచున్న దానిలో ఇంతభాగము ఒకనాటి సామాన్యజనుల పొరపాటు.

దీనినిబట్టి మనము కూడ ఇష్టము వచ్చినట్లు వ్రాయవచ్చునని నేను చెప్పుట లేదు. ఆ భాషలో వ్రాయునప్పుడు ఆ భాషవారి నేటి వాడుకను పాటించుటయే మర్యాద. నేను చెప్పున దేమనగా, ‘మిల్క్ ఆర్’ అని వ్రాసిన సోదరి పాలు పొంగినవి యను తన తల్లిమాటను దప్పలేదు. ఆమెను జూచి నవ్వుట కంటె ఇది మన లెక్క, అది వారి లెక్క యని చూపుట మేలు. నవ్వు కలమును మూయించును. కారణము తెలిసిన కలము దిద్దుకొని ముందునకు సాగును.

కాగితముపై ‘ఎస్’ వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ మాటను ఇంగ్లీషున వన్, టూ అని లెక్కపెట్టుదురా, రాశిగా జూతురా? లెక్కపెట్టునదే యైనచో చెప్పుచున్నది ఒకటినా, అంతకు మించిన వానినా? క్రియ ఆ లెక్కనే యనుసరించినదా, లేక నా తెలుగు మర్యాదను అనుసరించినదా? ఈ మూటికిని జవాబు దొరికిన వాక్యమున ‘ఎస్’ తనంతట తాను తన చోట నిలుచును. మొదటి ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు నిఘంటువు తెఱచి చూచుట చిన్నతనము కాదు.

ఈ నెల అభ్యాసము. ఈ క్రింది వాక్యములను ఇంగ్లీషున వ్రాసి యుంచుకొనుడు. వచ్చు సంచికలో సరిచూచుకొందము.

1. పాలు చల్లగా నున్నవి.
2. మా అత్తగారు ఊరినుండి వచ్చినారు.
3. నా నగలు పెట్టెలో నున్నవి.
4. ఆమెకు ఆఱేండ్ల కూతురు గలదు.
5. గంటన్నరలో వచ్చెదను.
6. కత్తెర బల్లమీద నున్నది.
7. నా స్నేహితురాండ్రలో నొకతె ఉపాధ్యాయిని.
8. అన్నములో వెండ్రుక యున్నది.

ఇంట బడి చదువు చదువుచున్న పిల్లలున్నచో వారిని గూడ ప్రక్కన గూర్చుండబెట్టుకొని వ్రాయుడు. ఎవరి వాక్యము తప్పినను, ఎందుకు తప్పినదో మొదట తెలుగున చెప్పుకొని పిమ్మట దిద్దుకొనుడు.